విరిసింది, విరబూసింది, విరగబూసింది

ప్రశ్న: పూలమొక్కలు పెంచేవాళ్ళం కొందరం వేసవి పూల ఫొటోలు పంచుకుంటూ ఉంటాం. నిన్న ఒకావిడ "జీనియాలు విరబూశాయి" అని రాస్తే, ఇంకొకరు "విరబూశాయి కాదండీ, విరగబూశాయి అనాలి" అని సరిదిద్దారు. ఏది ఒప్పు? రెండూ ఒకటేనా?

జవాబు: రెండూ ఒప్పేనండీ, సరిదిద్దాల్సిన పనే లేదు. అయితే రెండూ ఒకే మాట కాదు. మొదటి ఆవిడ ఏం చూసి అలా రాశారో తెలిస్తే ఆవిడకి ఏ మాట అమరుతుందో చెప్పొచ్చు.

ముందు విరగబూయడం సంగతి చూద్దాం. ఇందులో ఉన్నది 'విరుగు'. కొమ్మలు విరిగేటట్టు పూసిందని అర్థం. చేయన్ + పోయెను కలిసి చేయఁబోయెను అయినట్టే, విరగన్ + పూసెను కలిసి విరగఁబూసెను అయింది. "ద్రుతప్రకృతికము మీఁది పరుషములకు సరళములగు" అని వ్యాకరణం రాసిన చిన్నయసూరి చెప్పిన సూత్రమే ఇక్కడా పనిచేస్తోంది. అంటే 'న్' తో ముగిసే ఇలాంటి మాట తర్వాత వచ్చే క, చ, ట, త, ప-లు గ, జ, డ, ద, బ-లు అవుతాయి. ఇప్పుడు మనం అరసున్న రాయడం మానేశాం గానీ, ఆ 'న్' తెచ్చిపెట్టిన 'బ' మాత్రం అలాగే ఉండిపోయింది. కనబడు, వినబడు మాటల్లో ఉన్నదీ ఇదే 'బ'. 'విరగపూసింది' అని రాసేవాళ్ళూ ఉన్నారు, అర్థానికి లోటు లేదు. నాకు మాత్రం 'బ' ఉన్నదే ఇష్టం. పలికినప్పుడు ఆ పూల బరువు నోటికి తెలుస్తుంది. కాయల దగ్గరికి వచ్చేసరికి మాత్రం జనం 'విరగకాసింది' అనే ఎక్కువ అంటారు. విరగగాసింది అంటే రెండు గ-లు పక్కపక్కన పడి నాలుక తడబడుతుంది కదా.

'తెగ పూసింది' అని కూడా అంటాం. ఆ 'తెగ' కూడా 'తెగు' లోంచి వచ్చిందే. ఎక్కువ అని చెప్పడానికి తెలుగువాళ్ళం తెగడం, విరగడం, పగలబడడం లాంటి మాటల్నే పట్టుకున్నాం. తేడా ఒక్కటే. 'తెగ' విడిగా నిలబడే మాటగా మారిపోయి తినడానికీ, నవ్వడానికీ, తిరగడానికీ దేనికైనా అతుక్కుంటోంది. 'విరగ' మాత్రం పూయడం, కాయడం, పండడం దగ్గరే ఎక్కువగా నిలిచింది. ఇది మొక్కల మాటగానే మిగిలినందుకు నాకు సంతోషం.

పైగా ఇది ఉత్త అతిశయోక్తి కాదు. ముద్ద జీనియాలు వేసినవాళ్ళకి ఆ సంగతి బాగా తెలుసు. రేకులు పొర మీద పొరగా ఉంటాయి కాబట్టి వాన పడితే నీళ్ళు వాటి మధ్యే నిలిచిపోతాయి, తల బరువెక్కుతుంది. జీనియాకి ఆకులూ కొమ్మలూ ఎదురెదురుగా జతలుగా వస్తాయి. ఆ జత చీలే చోటే కాండం పటుక్కున విరుగుతుంది. కాస్మోస్ అయితే సన్నటి కాడలతో మొత్తం ఒక పక్కకి ఒరిగిపోతుంది. ముందే ఊతకర్రలు పాతి కట్టేది అందుకే.

ఇంకో మాట కూడా చెప్పాలి. మొక్క చిన్నగా ఉన్నప్పుడే కొస గిల్లేస్తే పక్క కొమ్మలు వస్తాయి. వాడిన పూలు ఎప్పటికప్పుడు తుంచేస్తే, మొక్క గింజ కట్టే పనిలో పడకుండా మళ్ళీ మొగ్గ వేస్తుంది. అంటే జీనియా, కాస్మోస్ లాంటి వాటి దగ్గర చాలాసార్లు "విరగబూసింది" వెనక "విరగబూయించారు" అనేది కూడా ఉంటుంది. మీ వాళ్ళ ఫొటోల కింద ఈ మాట రాస్తే, ఆ గిల్లిన చేతుల్ని మెచ్చుకున్నట్టూ ఉంటుంది.

ఇక విరబూయడం. దీన్ని నేను 'విరియు' లోంచి వచ్చినదిగా అర్థం చేసుకుంటాను. విరియడమంటే విచ్చుకోవడం, విడివడడం. జుట్టు విరబోసుకోవడంలోనూ ఈ విరియడమే ఉంది. అంటే ఇక్కడ బరువు, లెక్క కాదు ముఖ్యం. మూసుకున్నది తెరుచుకోవడం ముఖ్యం.

టేబుల్ రోజ్ మడి దగ్గర నిలబడితే తేడా కళ్ళకి కడుతుంది. పొద్దున్నే చూస్తే అన్నీ ముడుచుకున్న మొగ్గలే, మడి పచ్చగా ఉంటుంది. ఎండెక్కాక ఒక్కొక్కటీ విచ్చుకుంటుంది. మధ్యాహ్నం దాటాక మళ్ళీ ముడుచుకుంటుంది. మబ్బు పట్టిన రోజున కొన్ని అసలు తెరుచుకోవు. అయినా ఆ మడి ఆ వేసవిలో విరగబూసిందనే అంటాం, ఏడు గంటలకి చూసినా ఆ మాట చెల్లుతుంది. విరబూసిందని అనాలంటే మాత్రం ఎండెక్కేదాకా ఆగాలి. చంద్రకాంతలైతే సాయంత్రం దాకా ఆగాలి. విరగబూయడం మొక్క మొత్తానికి, ఆ కాలానికి చెందిన మాట. విరబూయడం ఆ పూటకి చెందిన మాట. విరియడం ఒక్క పువ్వుకి కూడా సరిపోతుంది. కుండీలో ఒకే ఒక్క గులాబీ ఉంటే అది విరిసింది అంటాం. దాన్ని పట్టుకుని విరగబూసిందంటే నాకు చెవిలో ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది.

మరొకరు: 'విరబోసిన పూలు' అని కూడా చూశానండీ. అదీ ఒప్పేనా?

జవాబు: పూలకి పూయడం, జుట్టుకి పోయడం. శబ్దం దగ్గరగా ఉండటంతో కలిసిపోతున్నాయి. పూలకి విరబూసిన అనే రాయండి.

ఇంకొకరు: మరి తోటలో దారి పక్కనో గోడ వెంటనో పూలమొక్కలు వేసే బార్డర్‌కి తెలుగేమిటి? అంచు అనొచ్చా?

జవాబు: దారి పక్కనో గోడ వెంటనో సన్నగా ఒకే వరుస ఉంటే 'పూలబారు' హాయిగా ఉంటుంది. కానీ పెంచేవాళ్ళు బార్డర్ అనేది చాలాసార్లు వరుస కాదు. వెనక పొద్దుతిరుగుడు, కాస్మోస్ లాంటి పొడుగువి, మధ్యలో జీనియాలు, ముందు బిళ్ళగన్నేరు, టేబుల్ రోజ్ లాంటి పొట్టివి. లోతు ఉంటుంది. దానికి 'పూలమడి' నయం. 'అంచు' అంటే దేని అంచో చెప్పాల్సి వస్తుంది. బార్డర్ అన్నా అందరికీ అర్థమవుతుంది, దాన్ని వదిలించుకోవాలన్న పట్టుదల నాకు లేదు.

మొదట అడిగినవారు: చాలా థాంక్సండీ. ఒక్క డౌటు. ఒక్క పువ్వు విరగబూయదన్నారు. కానీ జీనియా పువ్వు అసలు ఒక పువ్వు కాదు, బోలెడు చిన్న పూల గుత్తి అంటారు కదా?

జవాబు: మంచి మాట అడిగారు. నిజమే. చుట్టూ రేకులనుకునేవి ఒక్కోటీ ఒక్కో పువ్వు. మధ్యలో పసుపు నక్షత్రాల్లా కనిపించేవీ పూలే. బంతి, పొద్దుతిరుగుడు, కాస్మోస్ అన్నీ ఈ కుటుంబమే. అయినా కంటికి ఒకటిగా కనిపించేదాన్ని భాష ఒక పువ్వు అనే అంటుంది, కాబట్టి విరగబూయడం అక్కడ ఇమడదు. విరియడంలో మాత్రం ఒక సవరణ చేసుకోవచ్చు. మధ్యలో ఉన్న ఆ చిన్న పూలు ఒకేసారి తెరుచుకోవు. బయటి వలయం ముందు, లోపలివి తర్వాత, కొన్ని రోజుల పాటు వరుసగా తెరుచుకుంటాయి. అందుకని రేకులు పరుచుకున్న జీనియాని చూసి కూడా "ఇంకా విరుస్తోంది" అనొచ్చు. ఒంటి రేకుల జీనియాని నడిమి భాగం కనిపించేలా దగ్గరగా ఫొటో తీసి పెట్టండి, ఏ వలయం దాకా వచ్చిందో మీవాళ్ళకి తెలిసిపోతుంది.