"దిక్కున్నచోట చెప్పుకో": ప్రహ్లాదుడి రెండు కందాలు

ప్రశ్న: మా అబ్బాయి "బలయుతులకు దుర్బలులకు" పద్యం కంఠతా పడుతున్నాడు. తాత్పర్యంలో "అందరికీ బలం ఆ శ్రీహరే" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నాలుగు పాదాల్లోనూ "బల" అని రావడం ప్రాస కోసమేనా?

జవాబు: ప్రాస కోసమైతే రెండో అక్షరంగా "ల" ఉంటే చాలండీ, మాటంతా అక్కర్లేదు. ఆ పద్యాన్ని విడిగా చదివితే సంగతి తెలియదు. అది పోతన భాగవతంలో తండ్రి హిరణ్యకశిపుడు వేసిన ప్రశ్నకు ప్రహ్లాదుడి జవాబు. ముందు తండ్రి మాటలు చూడండి:

దిక్కులు గెలిచితి నన్నియు
దిక్కెవ్వఁడు రోరి! నీకు దేవేంద్రాదుల్
దిక్కుల రాజులు వేఱొక
దిక్కెఱుఁగక కొలుతు రితఁడె దిక్కని నన్నున్.

ఇప్పటికీ మనవాళ్లు "నీ దిక్కున్నచోట చెప్పుకో పో" అంటారు చూడండి, అచ్చం అదే ధోరణి. దిక్కు అంటే తూర్పు, పడమరా అవుతుంది, ఆదుకునేవాడూ అవుతుంది. దిక్కులన్నీ గెలిచాను కాబట్టి ఇక నీకు దిక్కు ఎవడున్నాడని ఆయన లాజిక్కు. వెంటనే రెండో కందంలో, సేనలు కూడా లేకుండా ఒంటరిగా మహాబలుల్ని జయించానని చెప్పి, "ఎవ్వని బలమున నాడెదవు నాకుఁ బ్రతివీరుఁడవై" అని నిలదీస్తాడు. ఇక్కడ బలం అంటే సైన్యమూ, సత్తువా రెండూ.

ఎదురుగా ఉన్నది చిన్న పిల్లాడు. ఏనుగులతో తొక్కించారు, పాములతో కరిపించారు, విషం పెట్టారు. వాడి తరఫున మాట్లాడేవాడు ఆ సభలో ఒక్కడూ లేడు. అప్పుడు వాడన్నది ఇది:

బలయుతులకు దుర్బలులకు
బలమెవ్వఁడు నీకు నాకు బ్రహ్మాదులకున్
బలమెవ్వఁడు ప్రాణులకును
బలమెవ్వం డట్టి విభుఁడు బలమసురేంద్రా!

నా మట్టుకు ఈ పద్యానికి ప్రాణం "నీకు నాకు" దగ్గరుంది. దేవుడు నా పక్షాన ఉన్నాడు, నీ సంగతి చూస్తాడు అని ప్రహ్లాదుడు బెదిరించడం లేదు. నువ్వు చూసుకుని మురిసిపోతున్న ఆ బలం కూడా ఆయనదే అంటున్నాడు. ఇక భయపడాల్సిన రెండో బలమంటూ ఎక్కడుంది? సంస్కృత మూలంలోనూ "న కేవలం మే భవతశ్చ రాజన్", నాకే కాదు నీకూ, అనే ఉంది. పోతన ఆ మాటను వదల్లేదు.

తర్వాతి కందంలో మొదటి ప్రశ్న అందుకుంటాడు. "దిక్కుగల లేని వారికి / దిక్కయ్యెడు వాఁడు నాకు దిక్కు మహాత్మా!" అని ముగింపు. దిక్కు లేనివాడికి దేవుడే దిక్కు అని సామెత. వీడు ఇంకో అడుగు ముందుకేసి, ఉన్నవాడికీ ఆయనే దిక్కంటున్నాడు. ఈ శ్లేష తెలుగులోనే పండుతుంది, ఎందుకంటే సంస్కృతంలో దిక్ శబ్దానికి ఆసరా అనే అర్థం లేదు.

ఇంకో ప్రశ్న: "రోరి" అన్నవాణ్ని పట్టుకుని "మహాత్మా" అనడం వెటకారం కాదా?

జవాబు: నాకలా అనిపించదు. వెటకారం చేసేవాడికి లోపల ఎక్కడో బెరుకో, కసో ఉంటుంది. వీడికి రెండూ లేవు, తండ్రి మీద జాలే ఉంది. కాస్త ముందుకెళ్తే "లోకములన్నియున్ గడియలోన జయించినవాఁడవు" అని తండ్రి గొప్పను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాడు. ఒప్పుకున్నాక "ఇంద్రియానీకముఁ జిత్తమున్ గెలువ నేరవు", ఇంద్రియాల్నీ మనసునీ గెలవలేవు, అంటాడు. కామక్రోధాదులు ఆరుగురినీ ఓడిస్తే ఈ ప్రాణికోటిలో "నీకు విరోధి లేఁ డొకఁడు" అని కూడా చెబుతాడు. అంటే తనను చంపించబోయిన తండ్రికి నేను నీ శత్రువును కాను అని చెబుతున్నట్టే కదా. మీ అబ్బాయికి వీలైతే ఈ "లోకములన్నియున్" ఉత్పలమాల పద్యం కూడా కలిపి నేర్పండి.