గ్లెండలాక్ తెల్ల బాణాల దారిలో అమ్మ నడవగలరా?

ప్రశ్న: డబ్లిన్‌లో మా దగ్గరికి వచ్చిన అమ్మగారిని విక్లో కొండల్లోని గ్లెండలాక్‌లో స్పింక్ అనే కొండమీది చుట్టుదారికి తీసుకెళ్లాలనుకుంటున్నాను. ఆవిడ పోయినేడు అలిపిరి మెట్లెక్కారు. ఇది అంతకన్నా కష్టమా?

జవాబు: తెల్ల బాణం గుర్తులున్న ఆ దారి సుమారు 9 కిలోమీటర్లు, మూడున్నర గంటల నడక. పౌలనాస్ జలపాతం దాటాక రైలు పట్టాల కింద వేసే చెక్క దిమ్మెలతో (స్లీపర్లతో) కట్టిన 600కు పైగా మెట్లు వస్తాయి. అలిపిరి ఎక్కినవారికి అవొక లెక్క కాదు గానీ, పైన గాలికి గొడుగు నిలవదు, రెయిన్‌కోటే నయం.

మరో జవాబు: ఎక్కడంకన్నా దిగడమే కష్టం. ‘గ్లెనీలో’ అనే లోయనుంచి పాత సీసపు గనుల శిథిలాలదాకా రాళ్లదారే కాబట్టి, మోకాళ్లనొప్పులుంటే చేతికర్ర ఇవ్వండి. మెట్లవైపునుంచే మొదలుపెట్టండి, తడిసిన చెక్కమీద దిగుతూ నేను రెండుసార్లు జారాను.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలండీ. వాన లేని రోజు చూసుకొని, కర్రతోనే బయలుదేరుతాం.