ది హజార్డ్స్ ఆఫ్ లవ్: ఏ గొంతు ఎవరిది? విన్నవాళ్లు చెప్పండి

చంపావతి: అమెరికా రాక్ బృందం ది డిసెంబరిస్ట్స్ 2009లో తెచ్చిన ఈ ఆల్బం వింటున్నాను. 17 పాటలూ కలిపి ఒకే కథ. అడవి, గాయపడిన లేడిపిల్ల, రాణి, నది తెలుస్తున్నాయి గానీ ఎప్పుడు ఎవరు పాడుతున్నారో పట్టు దొరకడం లేదు. నెల్లిమర్లలో దీని గురించి అడుగుదామంటే మనిషి లేడు. మీరెలా విన్నారు?

గంటస్తంభం: గొంతులు గుర్తుపట్టండి, కథ దానంతట అదే వస్తుంది. కథానాయిక మార్గరెట్ పాత్ర బెకీ స్టార్క్‌ది, పలచని గొంతు. విలియంను పెంచిన అడవి రాణి షారా వర్డెన్. ఆమె అందుకుందంటే గిటార్లు మీద పడతాయి, పొరబడే వీలే లేదు. చిక్కంతా బృందం ప్రధాన గాయకుడు కోలిన్ మెలాయ్‌తోనే. ప్రేమికుడు విలియమూ ఆయనే, కన్నపిల్లల్ని చంపిన దుర్మార్గుడూ ఆయనే. ఆదిభట్ల నారాయణదాసు గారి విజయనగరంలో హరికథలు వింటూ పెరిగినవాణ్ణి. అక్కడ కూడా అన్ని పాత్రలూ ఒక్కరివే. కానీ పాత్ర మారితే నిలబడే తీరు మారుతుంది, మధ్యలో నాలుగు మాటల వచనం చెప్పి మనల్ని దారిలో పెడతారు. ఇక్కడ ఆ వచనం లేదు.

నాగావళి గట్టు: ముందు ఫోనులో షఫుల్ ఆపండి. ఒక పాట తోక పట్టుకునే ఇంకో పాట మొదలవుతుంది, వరుస తప్పితే అంతా గందరగోళం. నిడివి గంటకు కాస్త తక్కువ. నేను శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో ఎక్స్‌ప్రెస్ ఎక్కి, విజయనగరం వెళ్తూ విన్నాను. చీపురుపల్లి దగ్గర ఆ దుర్మార్గుడి పాట వచ్చింది. ఎదురు సీటులో ఒక పెద్దావిడ మనవడికి ఉడికించిన వేరుశనక్కాయలు ఒలిచి పెడుతోంది. నా చెవుల్లో ఒక తండ్రి ముగ్గురు పిల్లల్ని ఎలా వదిలించుకున్నాడో ఉత్సాహంగా పాడుతున్నాడు. ఆవిడకు వినబడుతుందేమోనని సౌండు తగ్గించాను!

పాత క్యాసెట్: నాకైతే సాగదీత. కథ కోసం పాటలను బలిపెట్టారు. రాణి వచ్చినప్పుడల్లా ఆ గిటార్ల మోత ఎందుకో! పైగా ఇండీ రాక్ అంటారు, అంటే పెద్ద కంపెనీల నీడ లేని సంగీతం; విడుదల చేసింది మాత్రం పెద్ద కంపెనీ కేపిటల్ రికార్డ్స్.

నాగావళి గట్టు: పాటలు విడివిడిగా నిలబడాలని ఎందుకు పట్టుబడతారండీ? ఆ ఏడాది కచేరీల్లో వాళ్లు దీన్ని మొదటి నుంచి చివరిదాకా వరుసగానే వాయించారు.

గంటస్తంభం: క్యాసెట్ గారూ, నది పాట ఇంకోసారి వినండి. దుర్మార్గుడు ఎత్తుకుపోయిన మార్గరెట్ కోసం విలియం నదిని బతిమాలతాడు: ఇప్పుడు దాటనివ్వు, తిరిగి వచ్చేటప్పుడు నా దేహం నీదే. ఆఖరి పాటలో నది ఆ బాకీ వసూలు చేసుకుంటుంది, ఇద్దరినీ తీసుకుపోతుంది. గిటార్ల మోత తర్వాత అంత నెమ్మదైన పాట పెట్టడం ఊరికే కాదు. ఇంకో సంగతి. ఈ పేరు ఇంగ్లండు జానపద గాయని ఆన్ బ్రిగ్స్ రికార్డుది. అందులో ఆ పేరుతో పాట లేదు. మెలాయ్ ఆ పాట రాద్దామని కూర్చున్నారు, అది ఇంత కథ అయింది.

చంపావతి: అందుకేనా ఆ పేరుతో నాలుగు పాటలున్నాయి! మూడోదానిలో పిల్లల గొంతులు వినిపిస్తాయి. చనిపోయిన ఆ ముగ్గురేనా?

గంటస్తంభం: వాళ్లే. తండ్రి లెక్క తేల్చడానికి వచ్చారు.

పాత క్యాసెట్: ఆ పిల్లల పాట బాగుంది, కాదనను. రాణి విషయంలో మాత్రం నా మాట మారదు.