అబెనో హరుకస్: పైకెక్కి చూసి దిగడమేనా, ఇంకేమైనా ఉందా?

వానచినుకు:
నమస్తే అండీ. వచ్చే నెల నాన్నతో ఒసాకా వస్తున్నాను, ఉండేది ఒక్క రోజే, అందులో సగం కోటకే పోతుంది. నాన్న నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా రిటైరయ్యారు. ఎక్కడికెళ్లినా ఆయన ముందు అడిగేది "ఇది ఎలా నిలబెట్టారు" అనే. అక్కడి ఎత్తైన బిల్డింగ్ హరుకస్ గురించి ఎక్కడ చదివినా 300 మీటర్లు, పైకెక్కండి, ఫొటో తీసుకోండి, అంతే. అదొక్కటే అయితే అదే ఊళ్లో పైకెక్కి చూసే ఇంకో బిల్డింగ్, ఉమెదా స్కై, చాలదా? ఆయనకు మోకాళ్ల నొప్పులు. నాకేమో భూకంపం అంటే టెన్షన్, అంత ఎత్తున ఉండగా వస్తే ఏంటి పరిస్థితి?

రైలుకూత:
నేను ఆరేళ్లుగా హరుకస్ ఉన్న తెన్నోజి ప్రాంతంలోనే ఉంటున్నాను. నా మాట విని నాన్నగారికి ఆ బిల్డింగ్‌ను కింది నుంచి చూపించండి. అడుగున కింతెత్సు అనే ప్రైవేటు రైల్వే కంపెనీ వాళ్ల ఒసాకా అబెనోబషి స్టేషన్, దాన్ని ఆనుకుని వాళ్లదే డిపార్ట్‌మెంట్ స్టోరు, 16వ అంతస్తులో ఆర్ట్ మ్యూజియం, ఆ పైన 36 దాకా ఆఫీసులు, 38 నుంచి హోటల్ గదులు, చివర 58 నుంచి 60 దాకా అబ్జర్వేటరీ. హోటల్ లాబీ మాత్రం 19లో ఉంటుంది. సూట్‌కేసు లాక్కుంటూ వచ్చేవాళ్లూ, మెడలో ఆఫీసు ట్యాగు ఉన్నవాళ్లూ, కూరల సంచితో ఇంటికెళ్లే పెద్దావిడలూ అందరూ స్టేషన్ ముందు కలిసే కనిపిస్తారు, లోపలికెళ్లాక ఎవరి లిఫ్టు వాళ్లది. సాయంత్రం స్టోరు మూసే వేళకు బేస్‌మెంట్‌లో వంటకాల డబ్బాల మీద తగ్గింపు స్టిక్కర్లు అంటిస్తుంటారు, వాటికోసం ఆఫీసుల వాళ్లు కూడా ఆగుతారు. నాకు ఆ బిల్డింగ్‌లో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే.

16వ అంతస్తులో చిన్న తోట ఉంది, టికెట్ అక్కర్లేదు. అక్కడ కాసేపు కూర్చోబెట్టి ఆ తర్వాత పైకి తీసుకెళ్లండి. అబ్జర్వేటరీ లిఫ్టు కూడా ఆ అంతస్తు నుంచే, 60కి సుమారు 45 సెకన్లు.

ఇనుపచువ్వ:
నాది స్ట్రక్చరల్ పని కాబట్టి నాన్నగారి ప్రశ్నకు నేను చెబుతాను. రోడ్డు అవతల నిలబడి చూడమనండి, మూడు పెట్టెలు ఒకదానిమీద ఒకటి పెట్టి, పైకి పోయేకొద్దీ వెనక్కి జరిపినట్టు ఉంటుంది. అది అందం కోసమే అనుకోకండి. స్టోరుకు వెడల్పాటి నేల కావాలి, ఆఫీసుకు మధ్యలో స్తంభాలు అడ్డం రాకూడదు, హోటల్‌కు ప్రతి గదికీ కిటికీ ఉండాలి, అంటే పైకెళ్లేకొద్దీ సన్నబడాలి. ఇన్ని అవసరాలను ఒకే అస్థిపంజరంలో ఇమడ్చాలంటే కాంక్రీటు నింపిన ఉక్కు గొట్టాల స్తంభాలు, ఒక వాడకం మారి ఇంకోటి మొదలయ్యే చోట ట్రస్సులు (త్రికోణాలుగా కలిపిన ఉక్కు చట్రాలు), ఊపు తగ్గించడానికి డాంపర్లు (ఊపు శక్తిని పీల్చుకునే పరికరాలు), ఇవన్నీ పడ్డాయి. చేసింది తకెనాకా అనే నిర్మాణ సంస్థ, బయటి రూపంలో మలేషియాలోని పెట్రోనాస్ టవర్లు గీసిన ఆర్కిటెక్ట్ సీజర్ పెల్లీ చెయ్యి ఉంది. 2010లో పని మొదలై 2014 మార్చి 7న పూర్తిగా తెరిచారు. అంతకుముందు విమానాల కోసం ఉన్న ఎత్తు పరిమితి 2007లో సడలింది, లేకపోతే ఈ 300 వచ్చేది కాదు. 2023లో టోక్యోలో అజాబుదై హిల్స్ టవర్ వచ్చేదాకా జపాన్‌లో ఇదే ఎత్తైన బిల్డింగ్.

భూకంపం సంగతి. 2011లో ఈశాన్య జపాన్‌లో తోహొకు భూకంపం వచ్చినప్పుడు ఇక్కడికి 700 కిలోమీటర్లకు పైగా దూరం, అయినా ఒసాకా రేవు దగ్గరి 256 మీటర్ల సకిషిమా ప్రభుత్వ భవనం పై అంతస్తులు ఇటు చివర నుంచి అటు చివరకు దాదాపు 2.7 మీటర్లు ఊగాయి, పది నిమిషాల సేపు. కూలలేదు, కానీ లిఫ్టుల్లో మనుషులు ఇరుక్కుపోయారు. దూరం నుంచి వచ్చే నెమ్మది కదలిక పొడవాటి బిల్డింగులనే పట్టుకుంటుంది, డాంపర్లు పెట్టేది ఇలాంటి ఊపును త్వరగా అణచడానికే. కాబట్టి పైన ఉండగా వస్తే ఊగుతుంది, ఊగేలాగే కట్టారు. లిఫ్టులు దగ్గరి అంతస్తులో ఆగేలా ఉంటాయి. కిందికి పరిగెత్తకుండా గోడ పట్టుకుని సిబ్బంది చెప్పినట్టు వినండి.

పాలపిట్ట:
పోయినేడు అమ్మతో రెండూ చూశాను. ఉమెదా స్కై కూడా బాగుంటుంది, రెండు టవర్ల మధ్య గాలిలో ఎస్కలేటర్ మీద వెళ్తాం. కానీ స్టేషన్ నుంచి అక్కడిదాకా నడక ఉంది, మోకాళ్ల నొప్పులంటే హరుకస్సే నయం, స్టేషన్ మీదే కదా. 60వ అంతస్తులో పాదాల దాకా అద్దమే. కింద జేఆర్ (జపాన్ రైల్వే) తెన్నోజి స్టేషన్ పట్టాలు దువ్వెన పళ్లలా, రైళ్లు పాకే గొంగళిపురుగుల్లా కనిపించాయి. దగ్గర్లోనే ఉన్న 108 మీటర్ల పాత త్సుతెన్‌కాకు టవర్‌ను పై నుంచి కిందికి చూడటం అమ్మకు భలే నచ్చింది. నాకు మాత్రం 58 బాగా నచ్చింది, పైకప్పు లేని చెక్క నేల, తల ఎత్తితే ఆకాశం, గాలి నేరుగా మీద పడుతుంది. శాలువా పెట్టుకోండి.

ఒకటి గుర్తుపెట్టుకోండి, విమానాశ్రయం నుంచి వచ్చే రైలు పేరు హరుకా, బిల్డింగ్ పేరు హరుకస్. రెండిటికీ సంబంధం లేదు, కానీ ఆ రైలు తెన్నోజిలో ఆగుతుంది కాబట్టి మీకు కలిసొస్తుంది.

వానచినుకు:
అందరికీ చాలా థాంక్స్ అండీ. ఇనుపచువ్వ గారి జవాబు నాన్నకు చదివి వినిపించాను, రెండుసార్లు చదివించుకుని ఆ మూడు పెట్టెల బొమ్మ కాగితం మీద గీసుకున్నారు. పొద్దున కోట, మూడింటికి తెన్నోజి, ముందు రోడ్డు అవతల నుంచి చూడటం, తర్వాత 16లో తోట, చీకటి పడే వేళకు పైన. తిరిగి దిగాక ఆ స్టిక్కర్ల డబ్బాల దగ్గరకు కూడా వెళ్తాం.