షుగర్ మాత్ర పసిబిడ్డ మెదడుకు మంచిదంటున్నారు, నిజమేనా?

కావలి_పెద్దమ్మ:
అందరికీ నమస్తే. మా చెల్లెలి కొడుకు పుట్టగానే ఏడవలేదు. కాన్పు బాగా ఆలస్యం చేశారు (ఆస్పత్రి పేరు వద్దులెండి), తర్వాత నెల్లూరు పరిగెత్తుకొచ్చి ఎన్ఐసీయూలో పెడితే మర్నాడే ఫిట్స్ వచ్చాయి. డిశ్చార్జి కాగితంలో హెచ్ఐఈ (పుట్టేటప్పుడు ఆక్సిజన్ అందక మెదడుకు తగిలిన దెబ్బ) స్టేజి 2 అని ఉంది. ఇప్పుడు నాలుగో నెల, ఫిట్స్ సిరప్ నడుస్తోంది. బొటనవేలు లోపలికి మడిచి గుప్పిట బిగిస్తాడు, మనం విప్పితే మళ్ళీ అట్టే మూసేస్తాడు. నీళ్ళు పోసేటప్పుడు కాళ్ళు ఒకదానిమీద ఒకటి పడి బిర్రబిగుసుకుపోతాయి.

సంగతేందంటే, షుగర్ మందులతో పసిపిల్లల మెదడు దెబ్బ బాగవుతుందని విదేశాల్లో కనిపెట్టారని వాట్సాప్‌లో వీడియో వచ్చింది. మెట్‌ఫార్మిన్ అంట. అది చెల్లెలి అత్తగారు రోజూ వేసుకునేదే. ఆవిడ “పావు ముక్క నూరి తేనెలో నాకిద్దాం, ఇన్నేళ్ళుగా వాడుతున్నా నాకేమన్నా అయిందా” అని పట్టుబట్టింది, చెల్లెలు కూడా అటే మొగ్గుతోంది. ఇవ్వొచ్చా?

ఒంగోలు_మందులకొట్టు:
ఇవ్వొద్దక్కా. పావు కాదు, పిసరు కూడా వద్దు.

వార్త పూర్తిగా అబద్ధం కాదు, అదే తంటా. టొరంటోలో శాస్త్రవేత్తలు 2012లో మెట్‌ఫార్మిన్ మెదడులోని మూలకణాలను కొత్త నరాల కణాలుగా మారేలా ప్రేరేపిస్తుందని చూపించారు. 2015లో, పుట్టిన కొద్ది రోజులకే మెదడుకు ఆక్సిజన్ అందకుండా చేసిన ఎలుక పిల్లలకిస్తే వాటి కదలికలు మెరుగయ్యాయి. అంతవరకే. మనుషుల్లో అయితే బ్రెయిన్ ట్యూమర్‌కి రేడియేషన్ తీసుకున్న పిల్లల మీద ఒక చిన్న ట్రయల్ చేశారు, 24 మందే, 2020లో వచ్చింది. ఆశాజనకంగానే ఉంది గానీ వాళ్ళు పెద్ద పిల్లలు, జబ్బు వేరు.

ఇక మీ ఇంట్లో స్ట్రిప్పు సంగతి. ఒకసారి వెనక్కి తిప్పి చదవండి. మన దగ్గర అమ్ముడయ్యే “షుగర్ బిళ్ళల్లో” మెట్‌ఫార్మిన్‌తో గ్లిమెపిరైడ్ అనే ఇంకో షుగర్ మందు కలిపినవి బోలెడు. అది నాలుగు నెలల బిడ్డ కడుపులో పడితే రక్తంలో షుగర్ దబ్బున పడిపోతుంది, మళ్ళీ ఫిట్స్, ఉన్న దెబ్బ మీద ఇంకో దెబ్బ. ఉత్తి మెట్‌ఫార్మిన్ అయినా అది కిడ్నీల గుండానే బయటికి పోవాలి, పుట్టినప్పుడు ఆక్సిజన్ అందని పిల్లల్లో కిడ్నీలు కూడా దెబ్బతినొచ్చు. మందు ఒంట్లో పేరుకుంటే రక్తంలో లాక్టిక్ యాసిడ్ పెరిగి ప్రాణం మీదికొస్తుంది. షుగర్ ఉన్న పిల్లలకే పదేళ్ళు దాటాక గానీ ఈ మందు రాయరు. అన్నట్టు ఏడాదిలోపు బిడ్డకి తేనె కూడా నాకించకూడదు, ఆవిడకి అది కూడా చెప్పండి.

చెన్నై_పీజీ_మాది_ఆత్మకూరు:
పైన చెప్పింది కరెక్ట్. వీడియోలో ఇంకో మందు కూడా కలిపేసి ఉంటారు, ఎక్సెనటైడ్. హీలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి లాలాజలంలో దొరికిన పదార్థం నుంచి వచ్చింది, 2005లో అమెరికాలో షుగర్‌కి అనుమతి ఇచ్చారు. లండన్‌లోని యూసీఎల్ యూనివర్సిటీ వాళ్ళు 2018లో ఎలుక పిల్లల మీద చూశారు, మెదడు దెబ్బ తగ్గింది, ఒళ్ళు చల్లబరిచే చికిత్సతో కలిపితే ఇంకా తగ్గింది. ఇప్పటికే మనుషులు వాడుతున్న మందు కాబట్టి కొత్తగా ఒకదాన్ని తయారుచేసే ఏళ్ళూ ఖర్చూ మిగులుతాయని పాత మందుల వెంట పడుతున్నారు.

కానీ ఎలుకల్లో పనిచేసింది బిడ్డల్లో పనిచేయాలని లేదు. ఎరిత్రోపోయిటిన్ అనే మందు మీద కూడా ఇట్టాగే ఆశలు పెట్టుకున్నారు. అమెరికాలో 500 మంది పిల్లలతో ట్రయల్ చేస్తే 2022లో ఫలితం సున్నా, పైగా దుష్ప్రభావాలు ఎక్కువ. అసలు ఆ చల్లబరిచే చికిత్సే చూడండి. పుట్టిన 6 గంటల్లోపు మొదలుపెట్టి 72 గంటలు ఒంటి వేడిని 33.5 డిగ్రీల దగ్గర ఉంచడం, ధనిక దేశాల్లో ప్రాణాలు నిలిపింది. అదే భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలో 408 మంది మీద చేస్తే (హీలిక్స్ ట్రయల్, 2021) చల్లబరిచిన వాళ్ళలో 42 శాతం, మామూలుగా చూసిన వాళ్ళలో 31 శాతం చనిపోయారు. మన పిల్లల్లో దెబ్బ తగిలే తీరే వేరేమో అన్న చర్చ అప్పట్నుంచీ నడుస్తోంది. అక్కడి మందు ఇక్కడికి తెచ్చేముందు ఇక్కడి పిల్లల్లో పరీక్షించాలని నేననేది అందుకే.

కావలి_పెద్దమ్మ:
స్ట్రిప్పు చూశా, గ్లిమెపిరైడ్ ఉంది. ఒళ్ళు జలదరించింది. చెన్నై తీసుకెళ్తే అట్టాంటి ట్రయల్‌లో చేర్చుకుంటారా మరి?

చెన్నై_పీజీ_మాది_ఆత్మకూరు:
ఆ ఎక్సెనటైడ్ లాంటివి దెబ్బ తగిలిన తొలి గంటల్లో ఇవ్వాల్సినవి అక్కా, బాబుకి ఆ వేళ దాటిపోయింది. ఎవరైనా ట్రయల్ అని డబ్బులడిగితే నమ్మొద్దు. మన దేశంలో మందుల ట్రయల్ ఏదైనా సీటీఆర్ఐలో (ట్రయల్స్ నమోదుచేసే మన దేశపు రిజిస్ట్రీ) రిజిస్టర్ అవ్వాలి, ఆ నంబర్ అడగండి, చెప్పలేకపోతే లేచి వచ్చేయండి.

పొదిలి_నాన్న:
మా పాపదీ ఇదే కేసు, ఇప్పుడు స్కూలుకి పోతోంది, నడక కొంచెం తేడా అంతే. అందరికీ ఇంతే అవుతుందని చెప్పను. మందు కోసం తిరిగే టైం ఫిజియోకి పెట్టండి. జిల్లా పెద్దాసుపత్రిలో డీఈఐసీ అని, పిల్లల ఎదుగుదల లోపాలు తొందరగా పట్టి చికిత్స చేసే కేంద్రం ఉంటుంది, పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ళ దాకా ఉచితం. ఆ గుప్పిట ఎట్టా విప్పాలో, ఎత్తుకునేటప్పుడు కాళ్ళు ఎడం చేసి నడుమున ఎట్టా పెట్టుకోవాలో వాళ్ళు నేర్పిస్తే ఇంట్లో రోజూ మీరే చేయొచ్చు. అత్తగారిని కూడా వెంటబెట్టుకెళ్ళండి, ఆవిడ చేతికి పని దొరుకుతుంది. చెవుల పరీక్ష చేయించారా?

కావలి_పెద్దమ్మ:
లేదు, ఎవరూ చెప్పలేదు.

పొదిలి_నాన్న:
అయితే బెరా అనే వినికిడి టెస్ట్ రాయించుకోండి, కంటి డాక్టర్‌కి కూడా చూపించండి. బెరా బిడ్డ నిద్రలో ఉంటేనే చేస్తారు. కావలి నుంచి బస్సులో నిద్రపోయాడంటే అక్కడికెళ్ళాక కళ్ళు విప్పేసుకుంటాడు, దారిలో ఆడిస్తా ఉండండి, పాలు మాత్రం అక్కడికి పోయాకే పట్టండి.