విమానంలో కంప్యూటర్లు ఓటేస్తాయట. మెజారిటీయే తప్పయితే?

బడిగంట అడిగిన ప్రశ్న:

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతాను. పోయిన వారం తొమ్మిదో తరగతిలో ఎన్నికల పాఠం నడుస్తుండగా వెనక బెంచీ అబ్బాయి లేచాడు. "మాస్టారూ, విమానంలో కూడా కంప్యూటర్లు ఓటేస్తాయట కదా, ఎక్కువమంది చెప్పిందే తప్పయితే విమానం ఏమవుతుంది?" అన్నాడు. తేజస్ యుద్ధవిమానం గురించి ఎక్కడో వీడియో చూశాడట. రేపు చెబుతానని తప్పించుకున్నాను. ఆ రేపు అయి నాలుగు రోజులైంది.

అసలు ఈ ఓటింగు ఏమిటి? దాన్నుంచి మన సమాజం గురించి పిల్లలకు నిజాయితీగా చెప్పగలిగింది ఏమైనా ఉందా? "ఐకమత్యమే మహాబలం" అని ముగించే జవాబులు దయచేసి వద్దు. అవి నా దగ్గరే బోలెడున్నాయి.

రాత్రిషిఫ్టు:

మాస్టారూ, విమానాల సాఫ్ట్‌వేరును పరీక్షించే ఉద్యోగం నాది. పాత విమానాల్లో పైలట్ కర్ర లాగితే తీగలు, కడ్డీలు కదిలి తోక మీది పలకను తిప్పేవి. ఇప్పుడు పైలట్ కర్రతో తన కోరిక చెబుతాడు, పలకను ఎంత తిప్పాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. ప్రయాణికుల విమానాల్లో ఈ డిజిటల్ పద్ధతిని మొదట తెచ్చింది ఎయిర్‌బస్ ఎ320. 1988లో సర్వీసులోకి వచ్చింది.

తేజస్ సంగతి ఇంకా తమాషా. చురుగ్గా మలుపు తిరగాలని దాన్ని కావాలనే నిలకడ లేకుండా తయారు చేశారు. అరచేతిలో కర్రను నిలబెట్టి నడుస్తున్నట్టు, కంప్యూటర్ క్షణం తీరిక లేకుండా సర్దుతూ ఉండాలి. మనిషి చేతికి అంత వేగం లేదు. కంప్యూటర్ ఆగితే విమానం లేదు. అందుకే నాలుగు వరసలు పెట్టారు. నాలుగూ ఒకే లెక్క చేసి పోల్చుకుంటాయి, ఒకటి తేడాగా మాట్లాడితే మిగతావి దాన్ని పక్కన పెడతాయి. బరంపురంలో పుట్టిన కోట హరినారాయణ గారు నడిపిన ప్రాజెక్టు అది. 2001 జనవరి 4న బెంగళూరులో మొదటిసారి ఎగిరింది.

నలుగురితో నారాయణ అన్నమాట. అయితే నలుగురూ ఒకే పొరపాటు చేస్తే? ఎ320 వాళ్లు దానికీ జాగ్రత్తపడ్డారు. అందులో ఎలాక్ అనే కంప్యూటర్లు రెండు, సెక్ అనేవి మూడు. ఒక రకంలో మోటొరోలా ప్రాసెసర్, రెండో రకంలో ఇంటెల్ ప్రాసెసర్. ప్రోగ్రాములు కూడా వేరువేరుగా రాయించారు. ఒకే గురువు దగ్గర చదివిన ఐదుగురిని కూర్చోబెడితే ఐదు అభిప్రాయాలు వచ్చినట్టు కాదు కదా.

పాత హాంగర్:

రాత్రిషిఫ్టు గారు కంప్యూటర్ల సంగతి చెప్పారు, నేను మనుషుల సంగతి చెబుతాను. శిక్షణ విమానాలు మరమ్మతు చేసే హాంగర్‌లో పద్దెనిమిదేళ్లు పనిచేశాను. ఎవరి హాంగరో చెప్పను.

మీ కుర్రాడి ప్రశ్నకు జవాబు ముందు. విమానం కూలిపోతుంది. 2008 నవంబర్ 27న ఫ్రాన్స్‌లో పెర్పిన్యాన్ దగ్గర సముద్రంలో ఒక ఎ320 పడిపోయింది. లీజు ముగిసి యజమానికి తిరిగి ఇచ్చేముందు చేసే పరీక్షా ప్రయాణం. అందులో ఉన్న ఏడుగురూ పోయారు. విమానం ముక్కు పక్కన గాలివాలుకు తిరిగే చిన్న రేకులుంటాయి. రెక్క గాలికి ఎంత ఎత్తి ఉందో అవి చెబుతాయి. అలాంటివి మూడు. అంతకు కొద్దిరోజుల ముందు విమానాన్ని నీళ్లతో కడిగారు. రేకులకు తొడుగు వేయలేదు. నీళ్లు లోపలికి పోయాయి. పైకెళ్లాక చలికి గడ్డకట్టి రెండు రేకులు దాదాపు ఒకే కోణం దగ్గర బిగుసుకుపోయాయి. మూడోది ఒక్కటే నిజంగా తిరుగుతోంది.

కంప్యూటర్ చూసింది. ఇద్దరు ఒక మాట మీద ఉన్నారు, ఒకడు తేడాగా ఉన్నాడు. ఇద్దరినీ నమ్మింది. వేగం బాగా తగ్గితే విమానం తనంతట తానే కాచుకుంటుందా అని పైలట్లు పరీక్షించారు, అదీ నేలకు దగ్గరగా. కాచుకోలేదు. రెక్క గాలిపట్టు కోల్పోబోతోందని చెప్పే స్టాల్ హెచ్చరిక మాత్రం మోగింది. అది ఆ మూడో రేకు పుణ్యమే.

అక్కడ ఓటింగు పద్ధతిలో తప్పు లేదు. ఇద్దరు సాక్షులు అనుకున్నది నిజానికి ఒక్కడే సాక్షి, ఒకే నీళ్ల పైపు. వాట్సాప్‌లో ఒకే కబురు పదిమంది పంపితే పదిమంది చెప్పారు అనుకుంటాం చూడండి, అదే.

ఇప్పుడు నా సొంత తలవంపు. కంట్రోల్ తీగల్లో దేనిని విప్పి బిగించినా రెండు తనిఖీలు ఉండాలని మా రూలు. ఒకరు చూసి సంతకం పెట్టాలి, రెండోవారు మొదటివారితో సంబంధం లేకుండా మళ్లీ చూసి సంతకం పెట్టాలి. ఒకరోజు ఎలివేటర్, అంటే తోక మీది పలక, దాని కేబుల్ బిగింపు సరిచేశారు. కేబుల్ మధ్యలో టర్న్‌బకుల్ అని ఇత్తడి గొట్టం ఉంటుంది, తిప్పితే తీగ బిగుస్తుంది. బిగించాక సన్నని లాకింగ్ వైరు చుట్టాలి, లేకపోతే ఎగిరేటప్పుడు అదురుకు అది మెల్లగా విప్పుకుంటుంది. వైరు చివర లోపలికి వంచాలి, వేలితో తడిమితే గుచ్చుకోకూడదు. ఈ పని నాకు నేర్పిన పెద్దాయనే ఆరోజు మొదటి సంతకం పెట్టారు. పుస్తకం నా చేతికిచ్చారు. నేల పలక కింద దూరాలంటే నడుం పట్టేస్తుంది. సార్ చూశారు కదా అని నిలబడే సంతకం చేశాను.

సాయంత్రం ఒక హెల్పరు కుర్రాడు పడిపోయిన స్క్రూ కోసం టార్చితో ఆ పలక కింద వెతుకుతూ, "ఇక్కడ తీగ చుట్టలేదేమిటి సార్?" అన్నాడు. వాడికి సంతకం పెట్టే హక్కు లేదు. ఎవరు సంతకం పెట్టారో కూడా తెలియదు.

పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. తానే చూడలేదని అందరి ముందూ ఒప్పుకున్నారు. ఆ మర్నాటి నుంచి తన సంతకం మీద సిగరెట్ పెట్టె అట్టముక్క పెట్టి, పేరు కనబడకుండా పుస్తకం ఇచ్చేవారు. ఆయన రిటైరయ్యేదాకా అలాగే.

సందేహాలరావు:

కథ బాగుంది, పోలికే నాకు నచ్చలేదు. విమానానికి ఎటు పోవాలో ముందే తెలుసు. సమాజంలో ఎటు పోవాలన్నదే తగాదా. పైగా ఆ మూడో రేకు కథ విని ప్రతి మొండివాడూ తానే మూడో రేకు అనుకుంటాడు. మా అపార్ట్‌మెంటు సంఘంలో అలాంటాయన ఒకరున్నారు. ఆరేళ్లుగా లిఫ్టు మరమ్మతుకు అడ్డం. విడిగా మాట్లాడేవాడిలో ఎక్కువసార్లు చెడిపోయిందే ఉంటుంది సార్.

రాత్రిషిఫ్టు:

ఎక్కువసార్లు చెడిపోయిందే ఉంటుంది, నిజం. అందుకే ఓటింగు పెట్టారు. కానీ ఒక్కరినే నమ్మితే ఏమవుతుందో కూడా చూశాం. బోయింగ్ 737 మాక్స్‌లో రేకులు రెండున్నా, ముక్కును కిందికి వంచే ఎంకాస్ అనే ప్రోగ్రాము ఒకసారికి ఒక్కదాని మాటే వినేది. 2018 అక్టోబర్‌లో ఇండోనేషియాలో 189 మంది, 2019 మార్చిలో ఇథియోపియాలో 157 మంది చనిపోయారు. తర్వాత మార్చిన ప్రోగ్రాము రెండింటినీ పోలుస్తుంది. తేడా 5.5 డిగ్రీలు దాటితే చేతులు కట్టుకుని పైలట్‌కు వదిలేస్తుంది. సాక్షులు తగువుపడుతుంటే తీర్పు చెప్పకపోవడం కూడా ఒక పద్ధతే.

పాత హాంగర్:

సందేహాలరావు గారూ, మీ లిఫ్టాయన మాట వినమని నేననడం లేదు. ఆయన అభ్యంతరం ఏమిటో సంఘం పుస్తకంలో ఒక్కసారైనా రాశారా? మా దగ్గర ఏ రేకు తేడా చూపినా ముందు పుస్తకంలో రాసి, తర్వాతే దాన్ని పీకేవాళ్లం. పీకిన రేకుల్లో సగం బాగానే ఉండేవి, కనెక్టర్‌లో తుప్పు. ఎటు పోవాలన్నది వేరే తగాదా అన్నారు, అది మాత్రం ఒప్పుకుంటాను. అది హాంగర్‌లో తేలేది కాదు.

బడిగంట:

అందరికీ ధన్యవాదాలు. నిన్న క్లాసులో చేసిందేమిటో చెప్పాలి. ఒక హార్లిక్స్ సీసాలో చింతగింజలు పోసి, ఎన్నున్నాయో ఒక్కొక్కరినీ పైకి చెప్పమన్నాను. ఫస్టు ర్యాంకు అమ్మాయి 200 అంది. ఆ తర్వాత ముప్పై మందిలో ఒక్కరు కూడా 180కి కిందికి, 250కి పైకి పోలేదు. ఈరోజు ఇంకో సీసా తెచ్చి, చీటీల మీద రాసి మడిచి ఇమ్మన్నాను. 60 నుంచి 900 దాకా వచ్చాయి. చీటీలు వరసగా పేరిస్తే నడిమధ్య చీటీ మీద 390 ఉంది. అసలు లెక్క 412 అని బోర్డు మీద రాశాను. క్లాసంతా చప్పట్లు.

వెనక బెంచీవాడు మళ్లీ లేచాడు. "412 అని లెక్కపెట్టింది మీరొక్కరే కదా మాస్టారూ?"

సీసా వాడికే ఇచ్చాను. పక్కవాడితో కలిసి వద్దు, విడివిడిగా లెక్కపెట్టండన్నాను. ఒకడికి 409 వచ్చింది, రెండోవాడికి కూడా 409. ఇంకా గింజలు బల్ల మీదే ఉన్నాయి.