గ్రూప్‌కి విడిపోయిన డిగ్రీ 2 స్పేస్ సెమీగ్రూప్‌కి ఎందుకు విడిపోవట్లేదు?

రెండోబెంచి:
ఎమ్మెస్సీ ప్రాజెక్టులో ఒకచోట ఇరుక్కుపోయా, కాస్త చెప్పండి. ఫీల్డ్‌లో 0, 1 రెండే. వేరియబుల్స్ రెండు, టైపింగ్ తేలికకి క, గ అంటా. 2×2 మ్యాట్రిక్స్ ఇస్తే క, గ ల బదులు దాని వరసలు చెప్పిన కాంబినేషన్లు పెట్టేయడమే యాక్షన్. డిగ్రీ 2కి బేసిస్ క², కగ, గ². ఇన్వర్టిబుల్ మ్యాట్రిక్సులు 6 మాత్రమే (అదే గ్రూప్) తీసుకుంటే క², గ² లది ఒక సబ్‌మాడ్యూల్ (యాక్షన్ చేసినా బయటికి పోని సబ్‌స్పేస్), ఇటు క²+కగ+గ² దేనికీ కదలదు, అంటే 2+1 గా విడిపోయింది. మాష్కే థీరమ్ (కారెక్టరిస్టిక్, ఇక్కడ 2, గ్రూప్ సైజుని భాగించకపోతే ప్రతి సబ్‌మాడ్యూలూ విడిపోతుందనేది) 6ని 2 భాగిస్తుంది కాబట్టి పనికిరాదు, అయినా విడిపోయింది, సరే అనుకున్నా. మొత్తం 16 మ్యాట్రిక్సులూ (అదే సెమీగ్రూప్) తీసుకుంటే మాత్రం విడిపోదు అంటున్నారు మా గైడ్, సింగులర్‌వి 10 కలిపితే ఏం మారిపోయింది? ఇంకోటి, పుస్తకాల్లో యాక్షన్ ఇన్వర్స్ పెట్టి రాస్తారు, ఇక్కడ ఇన్వర్సే లేదుగా?

చెరువుగట్టు:
రెండే ఎలిమెంట్స్ కదా బ్రో, 0²=0, 1²=1, అప్పుడు క², క ఒకటే, డిగ్రీ 2లో కగ తప్ప ఏం మిగులుద్ది?

పాతకాపు:
చెరువుగట్టు గారూ, ఫంక్షన్లుగా చూస్తే మీరన్నట్టే, 1, క, గ, కగ బేసిస్‌గా 4 డైమెన్షన్ల స్పేస్ వస్తుంది, కానీ అక్కడ కగ లో గ బదులు క+గ పెడితే క+కగ అయిపోతుంది, డిగ్రీలు కలిసిపోతాయి. తమ్ముడు అడిగేది ఫార్మల్ పాలినామియల్స్.

రెండోబెంచీ, ముందు కోషెంట్ ఏంటో చూడు. కగ లో సబ్‌స్టిట్యూట్ చేసి క², గ² లని వదిలేస్తే కగ ముందు మిగిలేది డిటర్మినెంట్. సింగులర్‌వాటికి అది 0, అంటే విడిపోవాలంటే కగ+αక²+βగ² లాంటి ఒక పాలినామియల్‌ని ప్రతి సింగులర్ మ్యాట్రిక్సూ చంపెయ్యాలి. గ=0 పెట్టు, α పోయింది. క=0 పెట్టు, β పోయింది. మిగిలింది ఒట్టి కగ, అందులో గ బదులు క పెడితే క² వస్తుంది, 0 కాదు. అంతే, ఛాన్సే లేదు. నీ క²+కగ+గ² అయితే గ=0 దగ్గరే క² అయ్యి దొరికిపోతుంది.

గ్రూప్‌లో ఎందుకు కుదిరిందంటే అక్కడ డిటర్మినెంట్ ఎప్పుడూ 1, ట్రివియల్‌కీ దానికీ తేడా కనపడదు, పైగా ఆ 2 డైమెన్షన్ల ముక్క స్టైన్‌బర్గ్ మాడ్యూల్, ప్రొజెక్టివ్, అంటే ఎక్కడున్నా విడిపోయి తీరుతుంది. గ్రూప్‌కి ఇర్రెడ్యూసిబుల్స్ (లోపల ఇంకో సబ్‌మాడ్యూల్ లేని ముక్కలు) 2, సెమీగ్రూప్‌కి 4: ట్రివియల్, డిగ్రీ 1 స్పేస్, డిటర్మినెంట్, ఈ చివరి రెంటి టెన్సర్. జనరల్‌గా q ఎలిమెంట్ల ఫీల్డ్‌పై n×n కి qⁿ వస్తాయి, ర్యాంక్ 0 నుంచి n దాకా ఒక్కో ర్యాంక్‌కి ఆ సైజు ఇన్వర్టిబుల్ గ్రూప్ ఇర్రెడ్యూసిబుల్స్ లెక్కేసి కూడితే. కోఎఫిషియంట్ల కారెక్టరిస్టిక్ వేరేది అయితే ఇంత గొడవ లేదు, అప్పుడు సెమీగ్రూప్ ఆల్జీబ్రా చిన్న గ్రూపుల ఆల్జీబ్రాల మీది మ్యాట్రిక్స్ ఆల్జీబ్రాలుగా చీలిపోతుందని కోవాచ్ 1992లో చూపించాడు.

ఇన్వర్స్ డౌటు: రైట్ యాక్షన్‌గా రాసేసుకో, లేదా ట్రాన్స్‌పోజ్ పెట్టు. ఇన్వర్స్ పెట్టేది ఆర్డర్ తిరగబడకుండా ఉండటానికే.

టోపోలజీపిచ్చి:
ఇంకో మాట, క→క² అనేది ఇక్కడ స్టీన్‌రాడ్ ఆపరేషన్ (టోపోలజీలో కోహోమాలజీ మీద వాడేది), కారెక్టరిస్టిక్ 2లో (క+గ)²=క²+గ² కాబట్టి డిగ్రీ 1 స్పేస్ అచ్చం అలాగే డిగ్రీ 2లోకి వచ్చి కూర్చుంది. ఈ ఆపరేషన్లు సింగులర్ వాటితో సహా అన్ని సబ్‌స్టిట్యూషన్లతోనూ కమ్యూట్ అవుతాయి, అందుకే మా టోపోలజీవాళ్ళకి గ్రూప్ కన్నా సెమీగ్రూప్ మీదే మోజు. హారిస్, కూన్ 1988లో ఫైనైట్ అబీలియన్ p-గ్రూపుల క్లాసిఫయింగ్ స్పేసుల్ని (గ్రూప్ నుంచి కట్టే టోపోలజికల్ స్పేసుల్ని) పూర్తిగా ముక్కలు చేసింది ఈ ఇర్రెడ్యూసిబుల్స్‌తోనే.

రెండోబెంచి:
సూపర్ అన్నా, గ=0 పెట్టి చూడాలని తట్టనేలేదు. కానీ ఆ నాలుగోది, టెన్సర్‌ది, ఎక్కడా కనపడట్లేదే? డిగ్రీ 3లో డిటర్మినెంట్ రెండుసార్లు, డిగ్రీ 1ది ఒకసారి, అంతే వచ్చాయి.

పాతకాపు:
డిగ్రీ 3 లెక్క కరెక్టే, కగ(క+గ) ఒక డిటర్మినెంట్. డిగ్రీ 4కి వెళ్ళు. క⁴, క²గ², గ⁴ తీసేస్తే క³గ, కగ³ మిగులుతాయి, సింగులర్ మ్యాట్రిక్స్ ఏది పెట్టినా 0 అవుతాయి, ఇన్వర్టిబుల్‌వి పెడితే మాత్రం డిగ్రీ 1లో లాగే కదులుతాయి. అదే నీ నాలుగోది. ట్రివియల్ ఒక్కటి డిగ్రీ 0 దాటాక మళ్ళీ రాదు, జీరో మ్యాట్రిక్స్ రానివ్వదు.